బిడ్డకు ఆటిజం, కుటుంబానికి వీసా

"బాబుకి ఆటిజం అని కాగితం మీద రాయిస్తే రేపు వీసా రాదంట, నిజమేనా?" రెడ్డిగూడెం వైపు మామిడి తోటలున్న ఇళ్లలో కూర్చుంటే ఈ ప్రశ్న వినబడుతుంది. అడిగేది ఎక్కువగా అమ్మమ్మలూ తాతయ్యలే. కొడుకో కూతురో హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తూ పైదేశం కాగితాలు పెట్టుకుంటూ ఉంటారు. మూడేళ్లొచ్చినా మనవడికి మాట రాలేదు. పిలిస్తే తల తిప్పడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని అందరికీ తెలుసు. కానీ ఎవరో చెప్పారు, పేరు పడితే వీసా పోతుందని. వెళ్లడం వచ్చే నెలకు, ఆపైన వచ్చే ఏడాదికి జరిగిపోతుంది.

దగ్గర్లోని నూజివీడు ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది. అప్పటి నుంచి ఈ ప్రాంతపు రైతు బిడ్డలకు సాఫ్ట్‌వేర్ దారి దగ్గరైంది, దాని వెంటే ఆస్ట్రేలియా, కెనడా, అమెరికా దారులూ దగ్గరయ్యాయి. ఆ దారుల్లో పాయింట్లు, ఇంగ్లిష్ పరీక్ష, జీతం స్లిప్పుల గురించి చెప్పేవాళ్లు వీధికొకరు ఉన్నారు. పిల్లల వైద్య పరీక్ష గురించి సరిగ్గా చెప్పేవాళ్లు మాత్రం దొరకరు. అందుకే ఏ దేశం ఏం అడుగుతోందో, ఎందుకు అడుగుతోందో, మన దగ్గర దొరికే కాగితాలు అక్కడ ఎలా పనిచేస్తాయో ఒకచోట పెట్టి చూడాలనిపించింది.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆటిజం ఉంటే వీసా రాదన్నది నిజం కాదు. ఆటిజం వల్ల వీసాకు ఏ ఇబ్బందీ లేదన్నదీ నిజం కాదు. ఆస్ట్రేలియాలో పెద్ద చిక్కు ఉంది, కెనడాలో 2018 తర్వాత చాలావరకు తగ్గింది, న్యూజిలాండ్‌లో తీవ్రతను బట్టి తలుపే మూసుకుంటుంది, బ్రిటన్‌లో వైద్య నిబంధన రూపంలో లేదు, అమెరికాలో ప్రశ్న వేరే చోట నుంచి వస్తుంది. ఈ తేడా తెలియకుండా ఫీజు కట్టిన కుటుంబాలే ఎక్కువ దెబ్బతింటున్నాయి.

ఈ వడపోత నిన్న మొన్నటిది కాదు. అమెరికా 1882లో చేసిన వలస చట్టంలోనే మతి సరిగా లేనివాళ్లనూ, తమను తాము చూసుకోలేక ప్రభుత్వానికి భారమయ్యేవాళ్లనూ ఓడ దిగనివ్వకూడదని రాసుకుంది. న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ ఐలండ్‌లో మెట్లెక్కి వస్తున్న జనాన్ని డాక్టర్లు దూరం నుంచి చూసి, అనుమానం ఉన్నవాళ్ల కోటు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టేవారు. బుద్ధి మాంద్యం ఉందన్న అనుమానానికి 'ఎక్స్' గుర్తు. ఆస్ట్రేలియా 1901లో చేసిన తొలి వలస చట్టంలోనూ అలాంటి మాటలే ఉన్నాయి. వందేళ్లు గడిచాక ఆ అవమానకరమైన పదాలు చట్టాల్లోంచి పోయాయి. వాటి స్థానంలో డాలర్లు వచ్చాయి. ఇప్పుడు అధికారి 'ఈ బిడ్డ మాకు వద్దు' అనడు, 'ఈ బిడ్డకయ్యే ఖర్చు మా పరిమితి దాటింది' అంటాడు. తల్లి చెవికి రెండూ ఒకలాగే వినిపిస్తాయి.

ఆస్ట్రేలియా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. తెలుగువాళ్లు వేగంగా పెరుగుతున్న దేశం అది, నిబంధన చాలా కఠినంగా ఉన్నదీ అక్కడే.

అక్కడ శాశ్వత నివాసానికి దరఖాస్తు చేస్తే ఇంటిల్లిపాదికీ వైద్య పరీక్ష ఉంటుంది. మన వాళ్లు హైదరాబాదు వెళ్లి, ఆ ప్రభుత్వం గుర్తించిన డాక్టరు దగ్గర చేయించుకుంటారు. పిల్లల విషయంలో డాక్టరు ఎత్తు, బరువు చూస్తారు, వయసుకు తగ్గ ఎదుగుదల ఉందా అని చూస్తారు. ఐదేళ్ల పిల్లాడు పేరు అడిగితే చెప్పలేదు, కుర్చీలో కూర్చోలేదు, లైటు స్విచ్చు దగ్గరికే పదిసార్లు వెళ్లాడు అనుకోండి. డాక్టరు ఆ సంగతి నమోదు చేస్తారు. అప్పుడు డెవలప్‌మెంటల్ పీడియాట్రిషియన్ రిపోర్టు, బడి రిపోర్టు తెమ్మంటారు. ఇక్కడి డాక్టరు వీసా ఇవ్వడానికీ ఆపడానికీ అధికారం ఉన్న మనిషి కాదు. రిపోర్టులన్నీ ఆన్‌లైన్‌లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్యాధికారికి చేరతాయి. ఆయన అభిప్రాయమే ఆఖరు. వీసా అధికారి ఆ అభిప్రాయానికి కట్టుబడి తీరాలని నిబంధనల్లోనే ఉంది.

ఇలాంటి ఫైలులో ఆ వైద్యాధికారి ముఖ్యంగా చూసేది రెండు సంగతులు. ఈ వ్యక్తికి ప్రభుత్వ వైద్య, సామాజిక సేవల ఖర్చు ఒక పరిమితి దాటుతుందా? దేశంలో కొరతగా ఉన్న సేవలను ఈ వ్యక్తి వాడితే అక్కడి పౌరులకు అందకుండా పోతాయా? ఆటిజం పిల్లల ఫైళ్లు ఆగేది మొదటి ప్రశ్న దగ్గర. పరిమితి 2012లో 35,000 ఆస్ట్రేలియా డాలర్లు. పెంచుతూ పెంచుతూ 51,000కు తెచ్చారు. 2024 జూలై 1 నుంచి 86,000 చేశారు. వినడానికి పెద్ద మొత్తమే. కానీ శాశ్వతంగా ఉండే, ముందే ఊహించగలిగే స్థితి అయితే పదేళ్ల ఖర్చు వరకూ లెక్కగడతారు. 86,000ను పదేళ్లకు పంచితే ఏడాదికి 8,600 డాలర్లు. 2013లో మొదలైన జాతీయ వైకల్య బీమా పథకం, ఎన్‌డీఐఎస్, కింద ఒక బిడ్డకు స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ఇప్పిస్తే ఆ అంకె దాటడం పెద్ద విషయం కాదు.

ఇందులో నాకు అన్నిటికన్నా కష్టంగా తోచేది, లెక్క ఎవరి మీద వేస్తారన్న సంగతి. వైద్యాధికారి మీ బాబు ఖర్చు లెక్కించడు. అదే స్థితి, అదే తీవ్రత ఉన్న ఒక ఊహా వ్యక్తిని ముందు పెట్టుకుని, ఆ వ్యక్తికి ఏ సేవలకు అర్హత ఉంటుందో చూస్తాడు. ఆ సేవలు నిజంగా వాడుకుంటారా లేదా అన్నదానితో సంబంధం లేదని నిబంధనలోనే రాసి ఉంది. "మాకు ఆస్తి ఉంది, థెరపీ ఖర్చు మేమే పెట్టుకుంటాం, ప్రభుత్వం నుంచి ఒక్క డాలరు అడగం" అని తండ్రి స్టాంపు కాగితం మీద రాసిచ్చినా పనికిరాదు. ప్రైవేటు బీమా చూపించినా అంతే.

ఇంకో బాధ ఉంది. తాత్కాలిక వీసా మీద ఉన్న కుటుంబానికి ఎన్‌డీఐఎస్ వర్తించదు, అది పౌరులకూ శాశ్వత నివాసులకూ ఉద్దేశించింది. అంటే సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో నాలుగేళ్లు పన్ను కడుతూ, పిల్లాడి థెరపీకి సొంత జేబులోంచి పెట్టుకున్న తల్లిదండ్రులకు, శాశ్వత నివాసం అడిగిన రోజున, మీరు ఇంతవరకూ ముట్టుకోని పథకం మీద భారమవుతారు అని జవాబు వస్తుంది.

అయినా అన్ని వీసాలూ ఒకటి కాదు. ఇదే కుటుంబాలకు ముందుగా తెలియాల్సిన సంగతి. ఆరోగ్య నిబంధనకు అక్కడ రెండు రూపాలున్నాయి, 4005, 4007 అని. 4005 కింద మినహాయింపు లేదు. మనవాళ్లు ఎక్కువగా కోరుకునే 189 స్వతంత్ర నైపుణ్య వీసా, 190 రాష్ట్ర నామినేషన్ వీసా ఈ కోవలోవి. 4007 కింద, ఖర్చు పరిమితి దాటినా, దాన్ని అధికారి పక్కన పెట్టవచ్చు. భార్యాభర్తల వీసాలు, యజమాని స్పాన్సర్ చేసే 186 వీసాలో తాత్కాలిక నివాసం నుంచి శాశ్వతానికి మారే స్ట్రీము ఆ దారిలో ఉన్నాయి. అప్పుడు కుటుంబం చేసే పని, కొరత ఉన్న వృత్తి, అక్కడి బంధువులు, బిడ్డకు కుటుంబం ఇచ్చే ఆసరా ఇవన్నీ తూకంలోకి వస్తాయి. అదే బిడ్డ, అవే రిపోర్టులు, అదే తండ్రి. ఒక నెంబరు కింద పెడితే తలుపు మూసి ఉంటుంది, ఇంకో నెంబరు కింద పెడితే తట్టే వీలుంటుంది. 189కి పాయింట్లు బాగా ఉన్నాయని కన్సల్టెన్సీ ఉత్సాహంగా పెట్టించిన ఫైలు ఈ ఒక్క కారణంగా కూలిపోతుంది. దేశం బయట నుంచి 189 పెట్టినవాళ్లకు ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకునే హక్కు కూడా లేదు.

రిపోర్టు ఎలా రాశారన్నది కూడా ఇక్కడే పట్టి చూడాలి. 2005లో ఫెడరల్ కోర్టు రాబిన్సన్ కేసులో ఒక మాట తేల్చింది. డౌన్ సిండ్రోమ్ స్వల్పంగా ఉన్న అబ్బాయి విషయం అది. ఊహా వ్యక్తి అంటే ఆ జబ్బు పేరున్న ఎవరో ఒకరు కాదు, ఈ దరఖాస్తుదారుకు ఏ స్థాయిలో ఉందో అదే స్థాయి ఉన్న వ్యక్తి అని కోర్టు చెప్పింది. కాబట్టి 'ఆటిజం' అని ఒక్క మాట రాసిన రిపోర్టుకూ, మామూలు తరగతిలో కూర్చుంటున్నాడు, రెండు మూడు మాటలు కలిపి అడుగుతున్నాడు, బాత్రూముకు తానే వెళ్తున్నాడు, ఫలానా విషయంలో సాయం కావాలి అని విడమరిచిన రిపోర్టుకూ తేడా చాలా ఉంటుంది. మూడేళ్లప్పుడు తీసిన రిపోర్టు ఆరేళ్ల పిల్లాడిని చూపించదు. వైద్యాధికారి అభిప్రాయం వ్యతిరేకంగా రాబోతుంటే ముందుగా ఉత్తరం వస్తుంది, జవాబుకు సాధారణంగా 28 రోజుల గడువు ఉంటుంది. ఆ 28 రోజుల్లో ఇక్కడ స్పెషలిస్టు అపాయింట్‌మెంటు దొరకడమే గగనం. తాజా రిపోర్టు ముందే చేతిలో ఉండాలి.

ఈ నిబంధన మీద ఆ దేశంలోనే ఎంతో పోరాటం జరిగింది. 2008లో విక్టోరియా రాష్ట్రంలోని హార్షమ్ అనే పల్లెటూరి పట్నంలో పనిచేస్తున్న జర్మన్ డాక్టరు బెర్న్‌హార్డ్ మోలర్ కుటుంబానికి, కొడుక్కి డౌన్ సిండ్రోమ్ ఉందని శాశ్వత నివాసం నిరాకరించారు. డాక్టర్లు దొరకని ఊరికి దొరికిన డాక్టరాయన. ఊరంతా గొడవ చేసింది, మంత్రి కలగజేసుకుని వీసా ఇచ్చారు. ఆ కేసు వల్లే పార్లమెంటు కమిటీ విచారణ జరిపి 2010లో నివేదిక ఇచ్చింది. ఖర్చు ఒక్కటే చూడకుండా, కుటుంబం ఆ సమాజానికి ఇచ్చేదీ లెక్కలోకి తీసుకోవాలని అడిగింది. అడిగినంతా జరగలేదు. 2015లో టౌన్స్‌విల్‌లో ఫిలిప్పీన్స్ నర్సు ఒకామె, ఆటిజం ఉన్న పదేళ్ల కొడుకుతో ఇదే స్థితిలో నిలబడింది. చివరికి మంత్రి దయతోనే బయటపడింది. 2023లో పెర్త్‌లో మన కేరళ కుటుంబానికి, కొడుక్కి డౌన్ సిండ్రోమ్ కారణంగా, దేశం విడిచి వెళ్లాల్సిన రోజు దగ్గర పడ్డాక మంత్రి జోక్యం దొరికింది. మూడు కుటుంబాలూ గెలిచాయి కదా అనిపించవచ్చు. గెలిచింది వాళ్ల పేరు పేపర్లోకి వచ్చింది కాబట్టి. పేపర్లోకి రాని కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని వచ్చేశాయి. హక్కుగా రావాల్సింది దయగా వస్తుంటే దాన్ని పరిష్కారం అనలేం.

ఇక్కడే మా వైపు అమ్మమ్మలు చెప్పే ఉపాయం ఒకటి గుర్తుకొస్తోంది. "వాణ్ని నా దగ్గర వదిలేసి మీరు ముగ్గురూ వెళ్లి స్థిరపడండమ్మా. తోటలో తిరుగుతూ పెరుగుతాడు. తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం." ఎంత ప్రేమతో అంటారో చూసినవాళ్లకే తెలుస్తుంది. డెబ్బై ఏళ్ల వయసులో, మాటలు రాని మనవడి వెనకాల పరుగెత్తడానికి సిద్ధపడే ప్రేమ అది. కానీ ఆ త్యాగం కూడా అక్కడ పనిచేయదు. ఆస్ట్రేలియా శాశ్వత వీసాల్లో వెంట రాని భార్య, భర్త, పిల్లలకూ ఆరోగ్య నిబంధన వర్తిస్తుంది. కెనడాలోనూ వెంట రాని బిడ్డకు పరీక్ష చేయించాలి. ఒక్కరు దాటకపోతే అందరూ ఆగిపోవాల్సిందే. ఈ సంగతి తెలియక బిడ్డను ముందే ఊళ్లో దింపి, థెరపీ మాన్పించి, ఏడాది తర్వాత ఫైలు తిరిగొచ్చాక రెండు విధాలా నష్టపోయే ప్రమాదం ఉంది.

కెనడా కథ కొంత వెలుగున్నది. అక్కడి వలస చట్టంలో 38వ సెక్షన్ కింద, ఆరోగ్య, సామాజిక సేవల మీద 'మితిమీరిన భారం' వేసే వ్యక్తికి ప్రవేశం లేదు. 2005లో సుప్రీంకోర్టు హిలెవిట్జ్, డి యాంగ్ కేసుల్లో తీర్పు చెప్పింది. ఒకరు దక్షిణాఫ్రికా నుంచి, ఇంకొకరు నెదర్లాండ్స్ నుంచి వచ్చినవాళ్లు, ఇద్దరి పిల్లలకూ బుద్ధి వికాసంలో వెనకబాటు. జబ్బు పేరు చూసి కాదు, ఆ మనిషినీ ఆ కుటుంబ పరిస్థితినీ చూసి అంచనా వేయాలని కోర్టు అంది. ఖర్చు పెట్టుకోగల స్తోమత, పెట్టుకుంటామన్న సంకల్పం కూడా చూడాలంది. ఆస్ట్రేలియా ఊహా వ్యక్తికి ఇది పూర్తిగా ఎదురు.

2016లో యార్క్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ ఫెలిపే మోంటోయా కుటుంబానికి, కొడుక్కి డౌన్ సిండ్రోమ్ ఉందని నిరాకరణ వచ్చి, తర్వాత అనుమతి దొరికింది. ఆ గొడవ తర్వాత ప్రభుత్వం కదిలింది. 2017 డిసెంబరులో పార్లమెంటు కమిటీ ఆ సెక్షన్‌నే ఎత్తేయమని సిఫార్సు చేసింది. ఎత్తేయలేదు గానీ 2018 జూన్ 1 నుంచి రెండు పెద్ద మార్పులు చేశారు. ఏడాదికి 6,655 కెనడా డాలర్లున్న పరిమితిని మూడింతలు చేశారు. ప్రత్యేక విద్య, పునరావాస సేవలు, వ్యక్తిగత సహాయ సేవల ఖర్చును లెక్కలోంచి తీసేశారు. 2022లో వీటిని నిబంధనల్లో శాశ్వతం చేశారు. 2024లో పరిమితి ఏడాదికి 26,220 డాలర్లు. ఆస్ట్రేలియా 8,600 పక్కన ఈ అంకె పెట్టి చూడండి. రెండు డాలర్ల విలువలో పెద్ద తేడా లేదు. ఆటిజం బిడ్డ విషయంలో ప్రభుత్వాలకు పెద్ద ఖర్చు బడిలో ప్రత్యేక విద్యదే. అదే లెక్కలో లేదు కాబట్టి ఇంకే జబ్బూ లేని ఆటిజం బిడ్డ కెనడా పరిమితి దాటడం ఇప్పుడు అరుదు. భార్య, భర్త, పిల్లలను కుటుంబ తరగతిలో స్పాన్సర్ చేస్తే ఈ భారం నిబంధనే వర్తించదు. అభ్యంతరం ఉంటే అక్కడా ముందుగా ఉత్తరం వస్తుంది. దానికి జవాబుగా, ఖర్చు ఎలా భరిస్తామో చెప్పే ప్రణాళిక ఇవ్వొచ్చు. కెనడా చేయగలిగింది ఆస్ట్రేలియా ఎందుకు చేయలేదన్న ప్రశ్నకు నాకు సంతృప్తికరమైన జవాబు ఎక్కడా దొరకలేదు.

న్యూజిలాండ్ పరిమితి 2022 సెప్టెంబరులో 41,000 నుంచి 81,000 డాలర్లకు పెరిగింది. కానీ అక్కడ అంకెతో పాటు ఒక జాబితా ఉంది, తీవ్ర ఆటిజం ఆ జాబితాలో పేరుతో సహా ఉంది. ఎక్కువ సాయం కావాల్సిన పిల్లలకు ఇచ్చే ప్రత్యేక విద్యా నిధులకు బిడ్డ అర్హుడవుతాడనిపించినా అధిక ఖర్చు కిందే తీసుకుంటారు. స్వల్పం, తీవ్రం అన్న మాటల మధ్య గీత అంత పదునైన దేశం ఈ ఐదింటిలో ఇంకొకటి లేదు.

బ్రిటన్‌కు వెళ్లేవాళ్లకు ఆరు నెలలు దాటే వీసాకు క్షయ పరీక్ష తప్ప బిడ్డ స్థితి మీద వడపోత లేదు. ఖర్చును ముందే వసూలు చేసుకుంటారు. 2024 ఫిబ్రవరి 6 నుంచి ఆరోగ్య సర్‌చార్జీ పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776 పౌండ్లు. బడిలో ప్రత్యేక విద్యా ప్రణాళికకు వీసా అడ్డం రాదు. కానీ వీసా మీద 'ప్రభుత్వ నిధులకు అర్హత లేదు' అన్న షరతు ఉంటుంది కాబట్టి, వైకల్యం ఉన్న బిడ్డకు అక్కడి పౌరులు తీసుకునే నెలవారీ భత్యం మనకు రాదు. వెళ్లడం సులువు, గడవడం కష్టం. 2024 మార్చి 11 నుంచి కేర్ వర్కర్ వీసా మీద కొత్తగా వెళ్లేవాళ్లు కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు కూడా లేకుండా చేశారు.

అమెరికా విషయంలో మన ఇళ్లలో ఉన్న భయం ఒకటి, అసలు చిక్కు ఇంకొకటి. హెచ్1బీ మీద వెళ్లే కుటుంబంలో పిల్లలకు హెచ్4 వీసాకు వైద్య పరీక్ష ఉండదు. గ్రీన్‌కార్డు దగ్గర ఉంటుంది. అక్కడ ఖర్చు పరిమితి అంటూ లేదు. ఆటిజం అన్న కారణంగా ఆపరు. అయితే శారీరక లేదా మానసిక స్థితి వల్ల తనకు గానీ ఇతరులకు గానీ హాని చేసే ప్రవర్తన ఉందా అని చూస్తారు. తల గోడకు కొట్టుకునే, చేతులు కొరుక్కునే బిడ్డల తల్లిదండ్రులు ఇది తెలుసుకుని, ఆ అలవాటు ఎంతవరకు అదుపులోకి వచ్చిందో చెప్పే రిపోర్టు దగ్గర పెట్టుకోవడం మంచిది. మినహాయింపుకు దారీ ఉంది. రెండో ప్రశ్న, ప్రభుత్వం మీద ఆధారపడతారా అన్నది. వైకల్యం ఒక్కటే కారణంగా అలా తేల్చకూడదని 2022 డిసెంబరులో నిబంధన వచ్చింది. 2025 నవంబరులో ఆ నిబంధనను తీసేయాలని ప్రతిపాదన వచ్చింది. వీసా అధికారులు కుటుంబ సభ్యుల ప్రత్యేక అవసరాలను కూడా చూడాలన్న సూచనలు అదే నెలలో వార్తల్లోకి వచ్చాయి. కాబట్టి అమెరికా గురించి పాత మాట నమ్ముకుని ఉండకూడదు.

అమెరికాలో అసలు చిక్కు ఇరవై ఒకటో పుట్టినరోజు. భారతీయుల గ్రీన్‌కార్డు వరుస ఎంత పొడుగో అందరికీ తెలుసు. ఇక్కడ పుట్టి హెచ్4 మీద వెళ్లిన బిడ్డకు 21 ఏళ్లు నిండితే తల్లిదండ్రుల వీసా నీడ పోతుంది. మామూలు పిల్లలైతే స్టూడెంటు వీసాకు మారతారు. మాట కూడా సరిగా రాని అబ్బాయి ఏ కాలేజీలో చేరతాడు? అన్నం తినిపించే అమ్మ అమెరికాలో, అబ్బాయి మాత్రం దేశం విడవాల్సినవాడు. 2002లో తెచ్చిన చట్టం వయసు లెక్కలో కొంత వెసులుబాటు ఇచ్చింది గానీ ఇంత పొడుగు వరుసకు అది చాలదు. పిల్లాడికి పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికే ఈ లెక్క వేసుకుని, కెనడానా, తిరిగి రావడమా అని కూర్చుని మాట్లాడుకునే ఇళ్లు అక్కడ ఉన్నాయి.

ఇక మన కాగితాల సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. సర్టిఫికెట్ కోసం మన దేశంలో వాడే కొలత ఐఎస్ఏఏ. అందులో నలభై అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. కళ్లలోకి చూస్తాడా, ఒంటరిగా ఉండటానికే ఇష్టపడతాడా, విన్న మాటనే తిరిగి అంటాడా, నొప్పి తెలియనట్టు ఉంటాడా, ఇలాంటివి. 70 లోపు అయితే ఆటిజం లేదు. 70 నుంచి 106 స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం శిబిరంలో ఆ అంకెను శాతంగా మార్చి ఇస్తారు. ఆ శాతం మీదే పింఛను, బస్సు పాసు ఆధారపడి ఉంటాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు. అందుకే శిబిరంలో "కొంచెం ఎక్కువ వేయండి సార్, పేదోళ్లం" అని బతిమాలే తల్లులుంటారు, జాలిపడే డాక్టర్లూ ఉంటారు. మూడేళ్ల తర్వాత అదే ఇంటి నుంచి వీసా ఫైలు పోతే, ఆ పెద్ద శాతమే ఎదురొచ్చి నిలుస్తుంది. అప్పుడు "తక్కువ వేయండి సార్" అని ఇంకో డాక్టరు దగ్గరికి. ఇదీ తప్పే, అదీ తప్పే. బిడ్డ ఎంత ఉన్నాడో అంతే రాయించాలి. రెండు చోట్లా నిలబడేది అదొక్కటే.

దాచేస్తే సరిపోతుందని చెప్పే ఏజెంట్లు ఉన్నారు. వాళ్ల మాట వినవద్దు. ఆస్ట్రేలియాలో తప్పుడు సమాచారం తేలితే సాధారణంగా మూడేళ్లు వీసా రాదు. కెనడాలో ఐదేళ్ల నిషేధం. అమెరికాలో మోసం అని తేలితే జీవితాంతం వెంటాడుతుంది. అంతకన్నా ముఖ్యం, ఐదేళ్ల పిల్లాడి ఆటిజం డాక్టరు ముందు పది నిమిషాలు కూడా దాగడం కష్టం.

హక్కుల ఒప్పందాలు ఏమైనట్టు అని అడగవచ్చు. వికలాంగుల హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని మన దేశం 2007లో ఆమోదించింది. అందులో 18వ అధికరణం రాకపోకల స్వేచ్ఛ, పౌరసత్వం గురించే. ఆస్ట్రేలియా 2008లో ఆమోదిస్తూనే, మా వలస ఆరోగ్య నిబంధనలకు ఇది అడ్డు కాదని ఒక ప్రకటన జోడించింది. ఆ దేశపు 1992 వికలాంగుల వివక్ష నిరోధక చట్టం కూడా వలస చట్టాన్ని తన పరిధిలోంచి తప్పించింది. ఇంట్లో ఉన్న వికలాంగులకు అంత చక్కని పథకాలు కట్టిన దేశం గుమ్మం దగ్గర మాత్రం ఇలా ప్రవర్తించడం నాకు అన్యాయంగానే కనబడుతుంది. పన్ను కట్టేవాళ్ల డబ్బుకు లెక్క ఉండాలన్న వాదనను నేను కొట్టిపారేయడం లేదు. కానీ లెక్క వేస్తే రెండు పక్కలా వేయాలి. నర్సుగా తల్లి చేసిన రాత్రి డ్యూటీలు, ఇంజినీరుగా తండ్రి కట్టిన పన్ను, అన్న రేపు చేయబోయే ఉద్యోగం ఏ గడిలోనూ లేకుండా, చిన్నవాడి థెరపీ ఒక్కటే గడిలో వేస్తే అది సరైన లెక్క కాదు.

రెడ్డిగూడెం అమ్మమ్మ అడిగిన ప్రశ్నకు ఇంత చదివాక నా జవాబు ఇది. అమ్మా, వీసా భయంతో బిడ్డ పరీక్ష ఆపకండి. రెండు నుంచి ఆరేళ్ల మధ్య మొదలుపెట్టిన థెరపీకి ఉన్నంత ఫలితం తర్వాత మొదలుపెట్టినదానికి సాధారణంగా ఉండదు. వీసా కోణంలో చూసినా అంతే, అధికారి చూసేది బిడ్డకు ఎంత సాయం కావాలన్నది. థెరపీ అందిన బిడ్డకు ఆ సాయం తగ్గే అవకాశం ఉంది. మండలాల్లో సమగ్ర శిక్ష భవిత కేంద్రాలు ఉన్నాయి, జిల్లాలో శీఘ్ర గుర్తింపు కేంద్రం ఉంది, సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. మాట రాకపోతే ఈ వారమే తీసుకెళ్లండి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఏజెంటుకు డబ్బు కట్టేముందు వీసా నెంబరు అడిగి, దానికి మినహాయింపు ఉందా లేదా రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆస్ట్రేలియా అయితే అక్కడ రిజిస్టరైన మైగ్రేషన్ ఏజెంటుతోనో లాయరుతోనో ఒక్కసారి మాట్లాడండి. ఆ ఫీజు దండగ కాదు.

ఇక పైదేశాల్లోని తెలుగు సంఘాలకు విన్నపం. మీ మహాసభల్లో పెళ్లి సంబంధాల వేదిక ఉంటుంది, భూముల అమ్మకాల స్టాళ్లు ఉంటాయి. వాటి పక్కన ఒక బల్ల వేసి, ఒక వలస లాయరునూ ఒక పిల్లల డాక్టరునూ కూర్చోబెట్టండి. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు మీ పార్లమెంటు సభ్యుడికి ఉత్తరం రాయండి, కెనడా 2018లో చేసింది మీ ప్రభుత్వాన్నీ చేయమని అడగండి. ఓటు ఉన్నది మీకే, ఇక్కడి అమ్మమ్మలకు లేదు.